నీళ్ళ రిపోర్టు సరే, బురద రిపోర్టు తిరగరాయించుకున్నాం

బెంగళూరులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో భార లోహాల పరీక్ష చేయించాం. సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, రాగి, జింకు, మొత్తం ఆరు. ఇచ్చిన నమూనాలు మూడు రకాలు: వృషభావతి నీళ్ళు, అదే చోట ఒడ్డు బురద, మా వీధిలో అమ్మే తోటకూర. మిషన్లకూ, ఆ మిషన్ నడిపే మనిషికీ ఐదుకు ఐదు ఇస్తాను. నమూనా తీసిన పద్ధతికి రెండు. రిపోర్టుకు రెండున్నర, అది కూడా మేము పట్టుబట్టి మళ్ళీ రాయించుకున్నాక. అన్నీ కలిపి మూడు. ల్యాబ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇంకో రెండు చోట్లకు ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడిగితే దాదాపు ఇవే జవాబులు వచ్చాయి. ఏ ల్యాబ్‌కి వెళ్ళినా డబ్బు కట్టే ముందు ఏం అడగాలో తెలిసి ఉండాలి. నాకు ఎవరూ ముందు చెప్పలేదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మేం ఉండేది కెంగేరి ఉపనగరలో. సొంతూరు హిందూపురం. మైసూరు రోడ్డు మీద తిరిగేవాళ్ళకి వృషభావతి గురించి వేరే చెప్పక్కర్లేదు, బస్సు కిటికీలోంచి వాసన వస్తే పక్కనే ఉందని అర్థం. బసవనగుడిలో దొడ్డ బసవన్న పాదాల దగ్గర పుట్టిందని పెద్దవాళ్ళు చెప్పే నది ఇది, పేరు కూడా అందుకే. గాలి ఆంజనేయస్వామి గుడి పక్కనుంచి నాయండహళ్ళి, కెంగేరి దాటుకుని బిడది దగ్గర బైరమంగల చెరువులో పడుతుంది, అక్కడినుంచి అర్కావతిలో, కనకపుర అవతల సంగమ దగ్గర కావేరిలో కలుస్తుంది. మన కుళాయిల్లోకి వచ్చే కావేరి నీళ్ళు తోడేది శివనసముద్రం దగ్గర, అంటే ఈ కలయికకి ఎగువన. మనం వదిలినవి మాత్రం దిగువన కలుస్తాయి, హొగేనక్కల్, మెట్టూరు వైపు వాళ్ళకి వెళ్తాయి. ఇక పైన చూస్తే పీణ్య పారిశ్రామిక వాడ. అందులో కొంత భాగం వాలు ఈ నది వైపే. అక్కడి చిన్న చిన్న షెడ్లలో ప్లేటింగ్ పని జరుగుతుంది, క్రోమ్ పూత, నికెల్ పూత, జింకు పూత. పీణ్య బోర్ల నీళ్ళలో క్రోమియం ఉందని పేపర్లలో ఏళ్ళుగా వస్తూనే ఉంది.

ఇదంతా తెలిసి కూడా ఇన్నాళ్ళూ పరీక్ష ఆలోచన రాలేదు. వచ్చింది తోటకూర వల్ల. మా వీధికి గంపతో వచ్చే ఆవిడ దగ్గర ఐదారేళ్ళుగా ఆకుకూరలు కొంటున్నాం, ఇక్కడ అందరూ సొప్పు అంటారు, మేమూ అదే అనేస్తాం. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడుతుంది, మా అమ్మ ఊరినుంచి వస్తే ఇద్దరూ గంట కూర్చుంటారు. ఒకరోజు మా అమ్మే మాట వరసకి అడిగింది, ఇంత లేతగా ఎక్కడ పండుతుందమ్మా ఇది అని. "బిడది ఆ పక్కనుంచి వస్తాదమ్మా, మా తమ్ముడి తోట. నీళ్ళకేం కరువు లేదు, ఎండాకాలంలో కూడా కాలవ పారతానే ఉంటాది" అంది. ఎండాకాలంలో కూడా ఆగకుండా పారే కాలవ ఏదో మాకు వెంటనే తెలిసింది, వృషభావతి నీళ్ళదే. మా పాపకి అప్పుడు మూడేళ్ళు, వారంలో నాలుగు రోజులు పప్పులో ఆ ఆకే.

దీనికి తోడు మా ఇంట్లో ఒక పాత జ్ఞాపకం ఉంది. మా ఆయన పెద్దమ్మగారిది వాణియంబాడి. పాలారు నంది కొండల్లో పుట్టి మన కుప్పం మీదుగా వాణియంబాడి, ఆంబూరు వైపు వెళ్తుంది, తోళ్ళ పరిశ్రమ అంతా ఆ ఒడ్డునే. వాళ్ళ బావి నీళ్ళు నోట్లో పోసుకోలేనంతగా మారిపోయాయనీ, కొబ్బరిచెట్లు మొవ్వు ఎండి నిలబడిపోయాయనీ ఆవిడ ఇప్పటికీ చెప్తుంది. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన వెల్లూరు పౌరుల ఫోరం తీర్పు ఆ ప్రాంతం గురించే. తోళ్ళ కర్మాగారాలున్న ఆ ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగు భూమి కొంతగానో పూర్తిగానో పాడైందని అందులోనే ఉంది. పాడు చేసినవాడే బాగు చేసే ఖర్చు భరించాలి, ప్రమాదం పూర్తిగా రుజువయ్యేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకూడదు, ఈ రెండు సూత్రాలూ మన దేశ చట్టంలో భాగమని ఆ తీర్పే చెప్పింది. పెద్దమ్మకి తీర్పు సంగతి తెలియదు. ఆవిడ చెప్పేది ఒకటే మాట, "మొదట్లోనే ఎవరైనా నీళ్ళు చూపించి ఉంటే బావుండేది నాయనా."

సరే, పరీక్ష. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన, ల్యాబ్ ఎందుకండీ, నా దగ్గర టీడీఎస్ మీటర్ ఉంది, ముంచి చూద్దాం అన్నారు. చాలామంది ఇలాగే అనుకుంటారు కాబట్టి ఇది చెప్పాలి. టీడీఎస్ మీటర్ నీళ్ళలో కరిగిన ఉప్పులన్నిటినీ కలిపి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపిస్తుంది, అది చూపగలిగే అతి చిన్న తేడా 1. మన తాగునీటి ప్రమాణంలో, అదే ఐఎస్ 10500లో, టీడీఎస్ 500 దాకా ఉండొచ్చు. సీసం 0.01 దాటకూడదు, కాడ్మియం 0.003, పాదరసం 0.001. సీసం పరిమితికి పది రెట్లు ఉన్నా అది 0.1, అంటే మీటర్ మీద అంకె కదలదు. 150 చూపించిన నీళ్ళలో విషం ఉండొచ్చు, 900 చూపించిన బోరు నీళ్ళలో ఒక్క భార లోహం కూడా లేకపోవచ్చు. కాచితే పోతుందనుకోవడం కూడా తప్పే, లోహం ఆవిరి కాదు, నీళ్ళు తగ్గి అది ఇంకా చిక్కబడుతుంది.

మూడు ఇళ్ళవాళ్ళం కలిసి డబ్బు వేసుకున్నాం. ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల పనితీరు చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంది. ఇక్కడే మొదటి సలహా: గుర్తింపు ల్యాబ్ మొత్తానికి ఉన్నట్టు బోర్డు మీద కనపడుతుంది గానీ, నిజానికి అది ఒక్కో పరీక్షకి వేరు వేరుగా ఉంటుంది. నీళ్ళలో సీసం చూడడానికి ఉండి, బురదలో చూడడానికి లేకపోవచ్చు. స్కోప్ అనే పట్టిక ఒకటి ఉంటుంది, అడిగితే పంపిస్తారు. మేము అడగలేదు. తరువాత చూసుకుంటే నీళ్ళకీ ఆహారానికీ ఉంది, బురదకి లేదు. బురద పరీక్ష చేయకూడదని దానర్థం కాదు, కానీ ఆ సంగతి డబ్బు కట్టించుకునేటప్పుడు వాళ్ళే చెప్పాలి కదా. రిసెప్షన్‌లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, నమూనా తీయడానికి మనిషిని పంపిస్తాం మేడమ్, అన్నీ మేమే చూసుకుంటాం అంది.

వచ్చిన కుర్రాడు మంచివాడే, పొద్దున్నే ఏడింటికి చెప్పిన చోటికి వచ్చాడు. కానీ తెచ్చిన సామాను చూస్తే బాధేసింది. ఒక మినరల్ వాటర్ సీసా, ఒక మూత డబ్బా, బురద తీయడానికి తాపీ పని చేసేవాళ్ళు వాడే లాంటి తెల్లటి పూతతో మెరిసే ఇనుప పరికరం. ఆ మెరుపు జింకు పూతది. జింకు ఎంత ఉందో చూడడానికి జింకు పూసిన దానితో బురద తవ్వితే ఇక ఆ అంకెకి అర్థం ఏముంటుంది? నాకు ఆ పూట తెలియలేదు, తరువాత ల్యాబ్‌లో పరీక్షలు చేసే అనలిస్ట్ గారే ఆ మాట చెప్పి జింకు అంకె పక్కన పెట్టేయమన్నారు. లోహాల పరీక్షకి సీసాని ముందుగా పలుచటి నైట్రిక్ ఆమ్లంతో కడిగి ఆరబెట్టి ఉంచాలి. నీళ్ళు పట్టాక కాస్త నైట్రిక్ ఆమ్లం కలపాలి, లేకపోతే లోహం మెల్లగా సీసా గోడలకి అంటుకుపోయి ల్యాబ్‌కి చేరేసరికి నీళ్ళలో తక్కువ కనపడుతుంది. మన చేతికి వచ్చే అంకె తక్కువైనప్పుడు మనం సంతోషపడతాం, ఇలాంటి తప్పుని అందుకే ఎవరూ పట్టుకోరు. కుర్రాడిని తిట్టి లాభం లేదు, వాడికి ఇచ్చి పంపిందే అది.

ఇంకో విషయం, ఆ రోజు ఆదివారం. షెడ్లు చాలా వరకు మూసి ఉంటాయి. నదిలో నీళ్ళు ఆ గంటలో పైనుంచి ఏం వచ్చిందో అదే చూపిస్తాయి. ఆదివారం పొద్దున తీసిన సీసా మంగళవారం రాత్రి గురించి ఏం చెప్తుంది?

ఎనిమిది రోజులకి మెయిల్‌లో రిపోర్టు వచ్చింది. నీళ్ళ పేజీలో సీసం బీడీఎల్, కాడ్మియం బీడీఎల్, క్రోమియం బీడీఎల్, మిగతావి పరిమితి లోపలే. బీడీఎల్ అంటే పట్టుకోగలిగిన స్థాయి కంటే తక్కువ అని. మా గ్రూపులో అందరూ దండాలు, చప్పట్ల బొమ్మలు పెట్టేశారు. నాకు మాత్రం ముక్కు మూసుకుని తీసిన ఆ నల్లటి నీళ్ళు గుర్తొచ్చి నమ్మబుద్ధి కాలేదు. ఎంత కంటే తక్కువ అని వెతికితే ఆ అంకె రిపోర్టులో ఎక్కడా లేదు. ఫోన్ చేశాను. రెండు సార్లు తిప్పి తిప్పి చివరికి అనలిస్ట్ గారికి ఇచ్చారు. నా కన్నడం విని, "మీరు తెలుగువాళ్ళా అండీ? మాది మదనపల్లె" అన్నారు. అప్పటినుంచి పని సులువైంది. ఈ రివ్యూలో ఐదుకు ఐదు ఈయనకే.

ఆయన దాచకుండా చెప్పారు. నీళ్ళ నమూనాని పాత మిషన్ మీద పెట్టారట, మంటలో లోహాన్ని చూసే రకం, దాని మీద కాడ్మియం 0.01 కంటే తక్కువ ఉంటే కనపడదు. పరిమితేమో 0.003. "అంటే సార్, పరిమితికి మూడింతలు ఉన్నా బీడీఎల్ అనే వస్తుందా?" అని అడిగాను. కాసేపు ఆగి, "వస్తుందమ్మా. మీరు అడిగారు కాబట్టి ఐసీపీ ఎంఎస్ మీద మళ్ళీ పెడతాను, డబ్బు అక్కర్లేదు" అన్నారు. ఆ మిషన్‌లో ఆర్గాన్ వాయువుని 6,000 డిగ్రీలకు పైన వేడి చేసి నమూనాని అణువుల కంటే చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో లోహాన్నీ బరువు తేడాతో లెక్కపెడుతుందట, లీటరులో మిల్లీగ్రాములో వెయ్యో వంతు కంటే తక్కువ ఉన్నా పట్టుకుంటుంది. మళ్ళీ చేసిన రిపోర్టులో బీడీఎల్‌ల బదులు అంకెలు వచ్చాయి. తాగునీటి పరిమితి దాటలేదు. ఆ అంకెలు ఇక్కడ రాయను. ఒక ఆదివారం, ఒక సీసా, అదీ సరిగా కడగని సీసా, దాన్ని పట్టుకుని నది గురించి ఒక మాట అనేస్తే అది ఎవరికీ మంచిది కాదు.

నా దృష్టిలో అసలు పరీక్ష బురదది. దాన్నే వాళ్ళు అన్నిటికంటే అజాగ్రత్తగా చేశారు. లోహం నీళ్ళలో ఎక్కువసేపు తేలుతూ ఉండదు. మెత్తటి బంకమట్టి రేణువులకి, కుళ్ళిన ఆకుకి, ఇనుప తుప్పు లాంటి పూతలకి అతుక్కుని అడుక్కి దిగుతుంది. గాలి ఆడని నల్ల బురదలో గంధకంతో కలిసి గట్టిగా కూర్చుంటుంది. కుళ్ళే చెత్త లాగా అది విరిగిపోయి మాయమయ్యేది కాదు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది, కానీ అంతకు ముందు ఏళ్ళ తరబడి మైసూరు రోడ్డు మీద కార్లు, స్కూటర్లు వదిలిన సీసం వానకి కొట్టుకొచ్చి ఆ అడుగు పొరల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. నీళ్ళు ఆ పూట సంగతి చెప్తాయి, బురద ఏళ్ళ సంగతి చెప్తుంది.

మొదటి రిపోర్టులో బురద అంకెలు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని ఇచ్చి, కింద చిన్న అక్షరాల్లో వచ్చినది వచ్చినట్టుగా అని రాశారు. అంటే తడి బురద బరువు మీద లెక్క. సగం నీళ్ళు ఉన్న బురదలో 50 అని రాస్తే ఎండిన మట్టి మీద అది 100. అందరూ పోల్చుకునేది ఎండు బరువుతోనే, కాబట్టి ఆ అంకెల్ని ఎవరైనా దేనితోనైనా పోలిస్తే సగానికి తగ్గి కనపడుతుంది. రెండోది, జల్లెడ పట్టలేదు. ఇసుక, గులకరాళ్ళు, ప్లాస్టిక్ పీలికలు అన్నీ కలిపి నూరేశారు. ఇసుకకి లోహం పెద్దగా అంటదు, ఇసుక ఎక్కువున్న చోట తీస్తే శుభ్రంగా ఉన్నట్టూ, బంక ఉన్న చోట తీస్తే ఘోరంగా ఉన్నట్టూ వస్తుంది. 63 మైక్రాన్ల జల్లెడ దాటిన మెత్తటి పొడినే తీసుకుంటే ఒక చోటికీ ఇంకో చోటికీ పోలిక కుదురుతుంది. ఇవన్నీ అనలిస్ట్ గారికి తెలుసు, కానీ బుకింగ్ కాగితం మీద ఎవరూ రాయలేదు కాబట్టి చేయలేదు. మిగిలిన బురదని ఆరబెట్టి, జల్లెడ పట్టించి, మళ్ళీ చేయించారు. రిపోర్టు తిరగరాయడానికి ఇంకో పది రోజులు.

ఈ బురద గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, మాది రాయలసీమ. ఎండాకాలం వస్తే చెరువు పూడిక తీసి పొలాలకి తోలుకోవడం చిన్నప్పటినుంచి చూశాను. ఆ నల్లమట్టి పడిన చేను రెండేళ్ళు ఎరువు అడగదని మా తాత అనేవాడు, అది నిజమే, మన ఊరి చెరువుకి. నగరం మురుగు పడే చెరువు పూడిక సంగతి వేరు. అడుగున గాలి ఆడకుండా ఉన్నన్నాళ్ళూ గంధకం పట్టుకుని ఉంచిన లోహం, పైకి తీసి ఒడ్డున పోసి ఎండకీ గాలికీ పెడితే ఆ పట్టు వదిలేస్తుంది, తరువాతి వానకి కరిగి పక్క చేలోకి వెళ్తుంది. జేసీబీ పెట్టి చెరువు శుభ్రం చేశామని ఫోటోలు వచ్చినప్పుడు తీసిన బురద ఎక్కడ పోశారో మనం అడగం. నేనూ అడగలేదు ఇన్నాళ్ళూ. పూడిక తోలుకునే రైతుకి ఎవరైనా ఒక్క పరీక్ష చేయించి ఇస్తే చాలు. దానికయ్యే ఖర్చు ఒక ట్రాక్టరు రెండు రోజుల కిరాయికి మించదు.

క్రోమియం గురించి రెండు మాటలు. రిపోర్టులో మొత్తం క్రోమియం అని ఒకటే అంకె ఉంటుంది. క్రోమియం రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకదాన్ని మూడో రూపం, ట్రైవాలెంట్ అంటారు, అది మట్టికి అతుక్కుని కదలకుండా ఉంటుంది, విషం తక్కువ. రెండోదాన్ని ఆరో రూపం, హెక్సావాలెంట్ అంటారు, అది నీళ్ళలో తేలిగ్గా కదులుతుంది, క్యాన్సర్ తెచ్చే రకం. దీనికి వేరే సీసా కావాలి, ఆమ్లం కలపకూడదు, చల్లగా ఉంచి ఒక రోజు లోపలే చూడాలి, ఎందుకంటే ఆమ్లం పడితే అది మూడో రూపంలోకి మారిపోవచ్చు. ప్లేటింగ్ షెడ్లు ఉన్న వైపు నీళ్ళు పరీక్ష చేయించేవాళ్ళు ఇది విడిగా అడగండి. మేము అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు, ఆ ఒక్కటి మాకు తెలియకుండానే మిగిలిపోయింది.

ఇక అదనంగా డబ్బు తీసుకుని ఇచ్చిన పేజీ, పర్యావరణ ముప్పు సూచిక. చూడడానికి బాగుంది, రంగురంగుల పట్టీ, కింద మధ్యస్థ ముప్పు అని రాసి ఉంది. దీని మీద రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఈ లెక్క 1980లో హాకన్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త అక్కడి సరస్సుల కోసం తయారు చేశాడు. ఒక్కో లోహం మామూలు మట్టిలో ఉండేదాని కంటే ఎన్ని రెట్లు ఉందో చూసి, దాన్ని ఆ లోహం విషపు బరువుతో గుణిస్తారు. పాదరసానికి 40, కాడ్మియానికి 30, ఆర్సెనిక్‌కి 10, సీసం, రాగికి 5, తరువాతివాళ్ళు చేర్చిన నికెల్‌కి కూడా 5, క్రోమియానికి 2, జింకుకి 1. అన్నీ కలిపితే 150 లోపు తక్కువ ముప్పు, 300 దాకా మధ్యస్థం, 600 దాకా ఎక్కువ, ఆపైన చాలా ఎక్కువ. ఆలోచన మంచిదే. జింకు మూడు రెట్లుంటే వచ్చేది 3, కాడ్మియం మూడు రెట్లుంటే వచ్చేది 90, జీవాలకి రెండూ ఒకటి కాదు కాబట్టి అలా ఉండడం న్యాయమే.

కానీ మామూలు మట్టి అంటే ఏ మట్టి? మా పేజీలో 1961లో టురేకియన్, వెడెపోల్ ఇచ్చిన షేల్ రాయి (బంకమట్టి గట్టిపడి ఏర్పడే రాయి) సగటు వాడారు, కిలోకి మిల్లీగ్రాముల్లో కాడ్మియం 0.3, సీసం 20, క్రోమియం 90, అలా. ప్రపంచం మొత్తానికి సగటు అది. లాల్‌బాగ్ గుట్ట చూసినవాళ్ళకి తెలుసు మన కాళ్ళ కింద ఉన్నది షేల్ కాదని, అది నైస్ రాయి. అదే నదికి మురుగు తగలని చోట, లేకపోతే లోతు పొరలో తీసిన మట్టితో పోలిస్తే లెక్క వేరేగా రావచ్చు. పైగా కాడ్మియం 0.3 వచ్చిందా 0.6 వచ్చిందా అన్న చిన్న తేడాకే దాని ఒక్కదాని ముప్పు 30 నుంచి 60 అవుతుంది. హాకన్సన్ లెక్కలో ఒక్క లోహానికి 40 దాటితేనే మధ్యస్థం, అంటే కొలతలో చిన్న పొరపాటు చాలు పేజీ మీద రంగు మారడానికి. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. మేము పాదరసం, ఆర్సెనిక్ చూపించలేదు. 150, 300 అనే గీతలు ఆ రెండూ కూడా ఉన్న ఎనిమిది రకాల కాలుష్యాల మొత్తానికి గీసినవి. బరువు 40 ఉన్న పాదరసాన్ని అసలు కొలవకుండా, మిగతా వాటిని కూడి, అవే గీతలతో పోల్చి మధ్యస్థం అని రాసేశారు. కొలవని లోహం సున్నా అయిపోయింది. ఈ పేజీ కొనకండి. దానికి పెట్టే డబ్బుతో పాదరసం ఒక్కటి అదనంగా చూపించుకోండి, లేకపోతే మురుగు తగలని చోట ఇంకో డబ్బా మట్టి ఇవ్వండి.

తోటకూర పరీక్ష మాత్రం మొదటిసారే సరిగా చేశారు. ఆకుకూర విషయంలో లెక్క బురదకి తిరగబడుతుంది, ఇక్కడ తడి బరువు మీదే ఉండాలి, ఎందుకంటే మనం తినేది పచ్చి ఆకు బరువుతో. తోటకూరలో పదింట తొమ్మిది వంతులు దాకా నీళ్ళే, ఎండు బరువు మీద ఇస్తే పది రెట్లు కనపడి గుండె ఆగుతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణం కోడెక్స్ ఆకుకూరలకి కిలోకి సీసం 0.3 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.2 అని పెట్టింది. ఒక కట్ట కడగకుండా, ఇంకో కట్ట మనం ఇంట్లో కడిగినట్టు మూడు నీళ్ళలో కడిగి ఇచ్చాం. ఇది మా అమ్మ ఆలోచన. కడిగిన దానిలో సీసం తగ్గింది, కాడ్మియం దాదాపు అలాగే ఉంది. అనలిస్ట్ గారు చెప్పిన కారణం నాకు బాగా గుర్తుండిపోయింది: సీసం ఎక్కువగా దుమ్ముగా, మట్టిగా ఆకు మీద ఉంటుంది, కాడ్మియాన్ని మొక్క వేరుతో తాగి ఆకులోకి తెచ్చుకుంటుంది. ఉప్పునీళ్ళలో నానబెట్టినా అది పోదు. అలా ఒంట్లోకి వెళ్ళిన కాడ్మియం మూత్రపిండాల్లో చేరి, సగం బయటికి పోవడానికే పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళు పడుతుంది. జపాన్‌లో జింజూ నది నీళ్ళతో వరి పండించుకున్న ఆడవాళ్ళ ఎముకలు విరిగిన ఇటాయి ఇటాయి జబ్బు ఈ లోహం వల్లే, అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. సీసం విషయంలో పిల్లలకి ఇంతవరకు ఫరవాలేదు అనే స్థాయే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా రెండు కట్టల్లో ఏదీ కోడెక్స్ గీత దాటలేదు. అది చదివి ఊపిరి పీల్చుకున్నాం, టెన్షన్ మాత్రం పూర్తిగా పోలేదు, రెండే కట్టలు కదా.

సొప్పు ఆవిడకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని ఇంట్లో చాలా తర్జనభర్జన పడ్డాం. చెప్పకుండా కొనడం మానేస్తే అది అన్యాయం అనిపించింది. ఆ రైతులు లోహం కలపలేదు. బైరమంగల చెరువు కట్టింది సేద్యానికి, పైనున్న నగరం దాన్ని ఇలా చేసింది, వాళ్ళకి వేరే నీళ్ళు లేవు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మెల్లగా చెప్పాం. ఆవిడ అంతా విని, "మాకు తెలీదా అమ్మా, ఆ నీళ్ళలో దిగితే కాళ్ళు దురద పెడతాయి. ఏం చేసేది, వదిలేసి ఏడికి పోయేది?" అంది. మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. తరువాత నేను అనలిస్ట్ గారిని అడిగితే, ఆకులు లోహాన్ని ఎక్కువ పట్టుకుంటాయి, దుంపలు ఆ తరువాత, కాయలు బాగా తక్కువ అన్నారు. ఇప్పుడు ఆవిడ దగ్గర సొరకాయలు, బీరకాయలు, టమాటాలు తీసుకుంటున్నాం, వాళ్ళ తమ్ముడు ఒక మడిలో బీర పాదులు పెంచాడు. ఆ వైపు కొంతమంది పట్టు పురుగుల కోసం మల్బరీ వేస్తున్నారని కూడా ఆవిడే చెప్పింది. పాపకి ఆకుకూర మేడ మీద కుండీల్లో వేసుకుంటున్నాం.

డబ్బు సంగతి: అన్నీ కలిపి 12,000 రూపాయల పైచిలుకు అయింది, మూడు ఇళ్ళు పంచుకుంటే భారం అనిపించలేదు. ముప్పు సూచిక పేజీ లేకపోతే ఇంకా తగ్గేది. మొత్తం ఇరవై రోజులు పట్టింది, అందులో సగం తిరగరాయించుకోవడానికే. డబ్బు కట్టే ముందు మెయిల్‌లో రాయించుకోవాల్సినవి నా అనుభవంలో ఇవి: ఏ మిషన్ మీద చేస్తారు, ప్రతి లోహానికీ పట్టుకోగల కనీస అంకె ఎంత, అది పరిమితి కంటే తక్కువేనా, బురద ఎండు బరువు మీదేనా, ఎన్ని మైక్రాన్ల జల్లెడ, సీసా ఆమ్లంతో కడిగిందేనా, హెక్సావాలెంట్ క్రోమియానికి వేరే సీసా తెస్తారా. ఇవి అడిగితే రిసెప్షన్‌లో వాళ్ళు ఇబ్బంది పడతారు, అప్పుడు అనలిస్ట్‌తో మాట్లాడతామని అడగండి, మాట్లాడనివ్వకపోతే ఇంకో ల్యాబ్ చూసుకోండి. ఇంట్లో తాగే నీళ్ళ కోసమే అయితే ఈ ల్యాబ్‌కే మళ్ళీ వెళ్తాను, బురదకి అయితే మాత్రం ప్లాస్టిక్ గరిటె, డబ్బా నేనే తీసుకెళ్తాను.

నవంబరులో వానలు తగ్గాక అదే వంతెన పక్కన, అదే చోట మళ్ళీ తీస్తాం, ఈసారి వారం మధ్యలో, పాదరసం, ఆర్సెనిక్ కలిపి. ఎగువన మురుగు కలవని ఒక చోటు వెతుకుతున్నాం పోలికకి, ఇప్పటివరకు దొరకలేదు. కెంగేరి, రాజరాజేశ్వరి నగర వైపు ఉన్నవాళ్ళెవరికైనా అలాంటి చోటు తెలిస్తే చెప్పండి, ఒక డబ్బా మట్టి చాలు.